సగం గోడ ప్యానెలింగ్‌కు మూడు లక్షల అప్పా?

ప్రశ్న: మాది మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్. మాఘమాసంలో మా మరిది పెళ్లి. చుట్టాలు వచ్చేలోపు హాల్లో, రెండు బెడ్‌రూముల్లో గోడల కింది సగానికి మూడున్నర అడుగుల ఎత్తున చెక్క పలకల ప్యానెలింగ్ చేయించాలని ఉంది. బాబు క్రేయాన్లతో గోడలన్నీ గీసేశాడు, కుర్చీలు రాసుకుని పెయింటు లేచిపోయింది. ఇంటీరియర్ వాళ్లు 560 చదరపు అడుగులకు అడుగుకి రూ.450 చొప్పున, 18 శాతం జీఎస్టీ కలిపి రూ.2,97,360 చెప్పారు. బ్యాంకు యాప్‌లో 13 శాతానికి 3 లక్షల పర్సనల్ లోన్ చూపిస్తోంది. మావారేమో హోమ్‌లోన్ మీద టాప్-అప్ (అదనపు అప్పు) 9 శాతానికే వస్తుందంటున్నారు. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 1,15,000 వస్తుంది. ఈఎంఐ 38,000. బ్యాంకులో 90,000 ఉన్నాయి. ఏ లోన్ తీసుకోమంటారు?

జవాబు: లోన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు టేపు తీసుకోండి.

మీరు పంపిన కొలతల ప్రకారం హాలు 18×12, బెడ్‌రూములు రెండూ 14×11. చుట్టుకొలత హాలుకి 60 అడుగులు, ఒక్కో బెడ్‌రూముకి 50. మొత్తం 160. దాన్ని మూడున్నరతో హెచ్చిస్తే సరిగ్గా 560 వస్తుంది. అంటే మీ కొటేషన్‌లో వీధి తలుపుకీ, బాల్కనీ తలుపుకీ, బీరువా వెనక గోడకీ కూడా ప్యానెల్ వేశారన్నమాట! హాల్లో తలుపులు, వంటగదికీ లోపలికీ వెళ్లే దారులు, టీవీ యూనిట్ తీసేస్తే 27 అడుగుల పైనే పోతుంది. ఒక్కో బెడ్‌రూములో 11 అడుగుల వార్డ్‌రోబు, రెండు తలుపులు కలిపి 16 అడుగుల పైమాట. మిగిలేది ఇంచుమించు 100 అడుగుల పొడవు, అంటే 350 చదరపు అడుగులు. అదే రేటు మీద జీఎస్టీతో రూ.1,85,850. ఏ బ్యాంకూ తగ్గించలేని లక్షా పదకొండు వేలు ఇక్కడే తగ్గాయి.

ఇప్పుడు అప్పు. 13 శాతానికి 3 లక్షలు మూడేళ్లకు తీసుకుంటే నెలకు రూ.10,108 కట్టాలి, వడ్డీ దాదాపు 64,000. టాప్-అప్ వడ్డీ తక్కువన్న మాట నిజమే. అయితే బ్యాంకు దాన్ని మీ హోమ్‌లోన్‌లో మిగిలిన కాలానికి సాగదీయడానికే చూస్తుంది. 9 శాతమైనా పదిహేనేళ్లకు పెడితే ఈఎంఐ రూ.3,043 అని తేలిగ్గా కనిపిస్తుంది, తీరా లెక్క కడితే వడ్డీ ఒక్కటే 2,47,000 దాటుతుంది. బాబు ఇంటర్‌కి వచ్చినా వాడు గీసిన గోడకి మీరింకా కడుతూనే ఉంటారు. అదే మూడేళ్లకు పెట్టుకుంటే వడ్డీ 43,000 పైచిలుకు. కాబట్టి అప్పు తప్పదంటే మీవారి మాటే మేలు, కాలం మాత్రం మూడేళ్లు దాటనివ్వద్దు. పన్ను కలిసొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీరిద్దరూ కొత్త పన్ను విధానంలో ఉన్నారు, అందులో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు.

నన్నడిగితే అసలు అప్పే వద్దు. పెళ్లికి వచ్చినవాళ్లు కూర్చునేది హాల్లో, ఫొటోలు దిగేది హాల్లో. హాలు ఒక్కటీ చేయించుకుంటే దాదాపు 114 చదరపు అడుగులు, జీఎస్టీతో కలిపి రూ.60,400. మీరు కట్టడానికి సిద్ధపడ్డ ఆ 10,108నే ఈ శ్రావణం నుంచి రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, మాఘం వచ్చేసరికి ఆరు నెలల్లో రూ.60,600 పైన చేరుతుంది. నిజానికి నెల ఖర్చుకు కాస్త ఎక్కువగా మాత్రమే ఉన్న ఆ 90,000 చూశాక, ముందు అత్యవసర నిధి పెంచుకోండి, గోడలు తర్వాత అనాలి నేను. కానీ పెళ్లి ముహూర్తం మన ప్లానింగ్ కోసం ఆగదు కదా. అందుకని ఆరు నెలలు గోడకి ఇవ్వండి. తర్వాత, మూడేళ్లలో మిగిలిన 30 నెలలూ డిపాజిట్ ఆపకండి, 3 లక్షలు దాటుతాయి. ఆ 90,000 మాత్రం ముట్టుకోవద్దు.

బెడ్‌రూముల్లో చెక్క లేకుండానే ఆ అందం వస్తుంది. గోడ మీద సన్నటి బీడింగ్ పట్టీలు చట్రాల్లా అంటించి, కింది సగానికి ముదురు రంగు, పైసగానికి లేత రంగు కడగగలిగే ఎమల్షన్ వేయిస్తారు. క్రేయాన్ గీతలు తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు పోతాయి. ఇదేం కొత్త సంగతి కాదు. మా అమ్మమ్మగారింట్లో పైన సున్నం, కింద జాజుపట్టీ ఉండేది. బళ్లలో, ఆస్పత్రుల్లో కింది సగానికి ఆయిల్ పెయింటు వేసేదీ ఇందుకే. మన మేస్త్రీలు దీన్నే డాడో అంటారు.

చెక్క విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి. మా ఇంట్లో బాత్రూంకి ఆనుకున్న గోడకి ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసే పలక) ప్యానెల్ వేయించాను. రెండో వానాకాలానికి అడుగు అంచు టీలో ముంచిన బిస్కెట్‌లా ఉబ్బింది. ఊడదీస్తే వెనక గోడంతా నల్లటి బూజు. చేసినాయన ఫోనెత్తలేదు. ఎత్తినా నేను చేయగలిగింది లేదు, జీఎస్టీ మిగులుతుందని బిల్లు లేకుండా చేయించుకున్నది నేనే. ఊళ్లో అందరికీ సలహాలు చెప్పే మనిషిని! మీకూ ఆ బేరం వస్తుంది, ఒప్పుకోకండి. పని చెడితే నిలదీయాలన్నా, రేపు ఫ్లాటు అమ్మినప్పుడు ఇంటిని మెరుగుపరిచిన ఖర్చుగా చూపాలన్నా చేతిలో బిల్లు ఉండాలి. అన్నట్టు, ప్యానెల్ ఉందని కొనేవాళ్లు ధర పెంచి ఇస్తారనుకోవద్దు. ఇది పూర్తిగా మీ ముచ్చటకి పెట్టే ఖర్చు, ముచ్చటగానే లెక్క రాసుకోండి.

కొటేషన్‌లో ‘ప్లైవుడ్’ అని ఊరికే రాస్తే ఊరుకోకండి. చెమ్మ తగిలే చోట ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ (నీటిని తట్టుకునే) ప్లైవుడ్ అని రాయించండి. బాత్రూం వెనక గోడకైతే పీవీసీ ప్యానెలే నయం. అడ్వాన్సు ఇచ్చేముందు, ప్యానెల్ వేసే గోడ మీద అరచేతికి రెండింతల పాలిథిన్ ముక్కను నాలుగంచులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు నీటి బొట్లు పడితే ముందు వాటర్‌ప్రూఫింగ్, తర్వాతే ప్యానెల్. ఈ పరీక్ష వానలుండగానే చేసేయండి, ఎండాకాలంలో ఏ గోడైనా పొడిగానే కనిపిస్తుంది.