పెంటియం ఫోర్, పన్నెండు డీవీడీలు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. తెలుగు మాస్టారిగా చేసి రిటైరయ్యాను. ఏటా ఆగస్టు 29న గిడుగువారి జయంతికి మా బడి పిల్లలు వేసిన నాటికలు, చదివిన పద్యాలు పదకొండు డీవీడీల్లో ఉన్నాయి. పన్నెండోది మా అమ్మాయి పెళ్లిది. నిరుడు పోయిన మా ఆవిడ పాడిన మంగళహారతి అందులోనే ఉంది. నా కంప్యూటర్ 2005లో కొన్నది. పెంటియం 4, 512 ఎంబీ ర్యామ్, 80 జీబీ హార్డ్‌డిస్కు, విండోస్ ఎక్స్‌పీ. రాయగడలో ఉన్న అమ్మాయికి ఒక సెట్టు కాపీ చేసి ఇవ్వాలని ఉంది. ‘దీనివల్ల కాదు, కొత్తది కొనండి’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు మాస్టారూ, కొత్తది కొనకండి. పద్యాన్ని చూసి రాసుకోవడం వేరు, ప్రతిపదార్థం రాయడం వేరు కదా. డీవీడీని ఉన్నదున్నట్టు కాపీ చేయడం మొదటి పని. దానికి ప్రాసెసర్ బలం పెద్దగా అక్కర్లేదు. వీడియోను సెల్‌ఫోన్‌కు సరిపోయేలా చిన్న ఫైలుగా మార్చడం రెండో పని. దానికి మీ పెంటియం ఒక్కో డిస్కుకి గంటల తరబడి కూర్చుంటుంది. మీకు కావలసింది మొదటిదే.

అసలు చూడాల్సింది డ్రైవు. ట్రే మీద ‘డీవీడీ ఆర్‌డబ్ల్యూ’ లాంటి గుర్తు ఉంటే రాస్తుంది. ఆ రోజుల్లో చాలా కంప్యూటర్లకి కాంబో డ్రైవు వచ్చేది. అది డీవీడీని చదువుతుంది గానీ సీడీ మాత్రమే రాస్తుంది. మీది కాంబో అయినా దిగులు వద్దు. హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకుని పెన్‌డ్రైవులో ఇవ్వొచ్చు.

మామూలు డిస్కు ఒకటి 4.7 జీబీ. అందుకని పన్నెండూ ఒకేసారి ఎక్కించకండి, ఒక్కోటి కాపీ చేసి, పని అయ్యాక చెరిపేయండి. ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీలో చక్కగా పనిచేస్తుంది. 4ఎక్స్ వేగంతో రాయండి, డిస్కుకి పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో కరెంటు పోతే ఖాళీ డిస్కు పాడైనట్టే, కాబట్టి యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. పెన్‌డ్రైవుకైతే 32 జీబీవి రెండు కొని, డీవీడీలో బొమ్మంతా ఉండే ‘వీడియో టీఎస్’ ఫోల్డర్లను ఒక్కోదాంట్లో ఆరేసి డిస్కులవి పెట్టండి. మొత్తం డిస్కును ఒకే ఫైలుగా చేస్తే మాత్రం ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవు తీసుకోదు. అందులో ఒక్కో ఫైలుకి హద్దు 4 జీబీ.

కాపీ నత్తనడక నడుస్తూ మౌసు కూడా పట్టేసినట్టుంటే, లోపం వయసుది కాదు. గీతలు పడ్డ డిస్కును చదవలేక పదేపదే తప్పులొస్తే ఎక్స్‌పీ ఆ డ్రైవును ‘పీఐఓ’ అనే నిదానం పద్ధతిలోకి దించేస్తుంది. డివైస్ మేనేజర్‌లో సెకండరీ ఐడీఈ ఛానెల్‌ని (డీవీడీ డ్రైవును కంప్యూటర్‌కి కలిపే దారి) అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే, విండోస్ దాన్ని మళ్లీ వెతికి పట్టుకుంటుంది. వేగం తిరిగొస్తుంది. బరంపురంలో నేను రిపేర్లు చేసిన రోజుల్లో ‘పనికిరాదు’ అని తెచ్చిన కంప్యూటర్లు కొన్ని ఇంతటితో బాగుపడ్డాయి.

నాకు టెన్షన్ మీ కంప్యూటర్ గురించి కాదు, డిస్కుల గురించి. ఇంట్లో రాసిన డీవీడీ అడుగున ఊదారంగు మెరుస్తుంది చూడండి, ఆ రంగులోనే బొమ్మంతా ఉంటుంది. ఎండకు అది చెడిపోతుంది. మా చెల్లి శ్రీమంతం డిస్కును నాలుగేళ్లు కిటికీ పక్కన షెల్ఫులో ఉంచాం. ఓరోజు పెడితే, అమ్మ గాజులు తొడుగుతున్న చోట బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయింది. మూడు డ్రైవులు మార్చి చూశాను. ఆ తర్వాతి భాగం రాలేదు. అది వేరేచోట లేదు.

అందుకే మాస్టారూ, పెళ్లి డిస్కుతోనే మొదలుపెట్టండి, ఈ వారంలోనే. మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచువైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. ఇమ్‌గ్‌బర్న్‌లో చదివే వేగం తగ్గించి పెట్టండి. కాపీ అయ్యాక మొదటి నిమిషం చూసి సరేననుకోకండి. మంగళహారతి వచ్చే చోటు దాకా ప్లే చేసి, పాట పూర్తిగా విన్నాకే హార్డ్‌డిస్కులోది చెరపండి.