పక్క సీటావిడంటే లోపల కుతకుత

ప్రశ్న: మేడమ్, మా ఆఫీసులో పక్క సీటావిడంటే నాకు పడదు. రాత్రుళ్లు కూర్చుని నేను తయారుచేసిన రిపోర్టును మీటింగులో తనదని చెప్పి మెప్పు కొట్టేసింది. నేను నోరు మెదపలేదు. నాలుగేళ్లయింది. ఎదురుపడితే నవ్వుతూ పలకరిస్తాను, లోపల ఉడికిపోతుంటాను. ఆమె వాట్సాప్ స్టేటస్ అందరికంటే ముందు నేనే చూస్తాను. ఆమెకు ప్రమోషన్ రాలేదని తెలిసిన రోజు హాయిగా నిద్రపట్టింది. మొన్న వాళ్లబ్బాయి చెయ్యి విరిగిందంటే ఒక్క క్షణం 'బాగా అయింది' అనిపించి, నాకే భయమేసింది. మా ఆయనక్కూడా చెప్పలేదు. నేనింత చెడ్డదాన్నా?
- ఓ పాఠకురాలు

జవాబు: పిల్లాడి సంగతికి మీరే ఉలిక్కిపడ్డారు కదా, దాని గురించి నేను కొత్తగా తిట్టేదేమీ లేదు. నాకు స్టేటస్ దగ్గరే అనుమానమొచ్చింది. ఆవిడ ఎక్కడికెళ్లింది, ఏ చీర కట్టింది అన్నీ మీకు తెలుసు. పుండు మానకుండా రోజూ గోకుతున్నారు. ముందు ఆ స్టేటస్‌లు మ్యూట్ చేయండి. ఈ పూటే.

అలాగని 'ఇక తలుచుకోను' అని ఒట్టు పెట్టుకోకండి. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నాడు. పాపం, వాళ్లకు మాటిమాటికీ అదే గుర్తొచ్చింది. ఆలోచన వస్తే రానివ్వండి, దానికి కొత్త సాక్ష్యాలు మాత్రం వెతక్కండి. దిండును గుద్ది కసి తీర్చుకోమనే సలహా కూడా వినొద్దు. కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవాళ్లకు కోపం పెరిగిందని, ఊరికే కూర్చున్నవాళ్లే నయమని 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే మరో సైకాలజిస్టు ప్రయోగంలో తేలింది.

నాకు తోచేదొకటి చెప్పనా? ఈ మంటలో సగం ఆవిడ మీద కాదు, ఆ రోజు మాట్లాడని మీ మీదే. అందుకే మీ వారికి ఆవిడ తప్పుల చిట్టా విప్పకుండా, ఆ మీటింగులో మీకు గొంతు ఎందుకు పెగల్లేదో చెప్పండి. ఇకపై రిపోర్టు పూర్తవగానే, మీటింగుకు ముందే మీ పేరుతో బాస్‌కు మెయిల్ పెట్టండి. ఆవిడ దగ్గరికెళ్లి మనసు విప్పే పని మాత్రం వద్దు. క్షమించమనీ అనను, ఆవిడ అడగనేలేదు.

ఇంత చేసినా నిద్ర పట్టకపోయినా, ఆవిడకు హాని చేయాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి. మాకు రాసినంత వివరంగా, ఆ పిల్లాడి మాటతో సహా చెప్పండి.