చేయి ఒంటి వెనక నుంచి ముందుకు వచ్చేటప్పుడు లేయర్ల వరస ఎప్పుడు మార్చాలి?

కట్-అవుట్ యానిమేషన్‌లో, అంటే బొమ్మను ముక్కలుగా గీసి కదిలించే పద్ధతిలో, వెనక ఉన్న చేయి ఊగుతూ ఛాతీ ముందుకు రావాలి, కానీ మధ్యలో టక్కున మొండెం మీద ప్రత్యక్షమవుతోంది. ఇదే కదా మీ సమస్య? చేతి కదలికకు మధ్య ఫ్రేములుంటాయి, లేయర్ల వరసకు (ఏ ముక్క దేని మీద ఉండాలన్నదానికి) ఉండవు. అందుకే మార్పు ఏ ఫ్రేములో పెడుతున్నామన్నదే ముఖ్యం.

చేయి మొండెం అంచు దాటి బయట ఉన్న ఫ్రేములో మార్చండి. ఆకారాలు ఒకదాన్నొకటి కప్పనప్పుడు మార్పు కంటికి తెలియదు.

భుజం మాత్రం ఎప్పుడూ మొండేన్ని అంటుకునే ఉంటుంది. కాబట్టి దయచేసి చేతిని ఒకే ముక్కగా గీయకండి. పైచేయి, ముంజేయి, అరచేయి విడిగా ఉంచి, చివరి రెండింటినే ముందుకు తెండి. మోచేతి దగ్గర రెండు ముక్కల చివర్లనూ ఒకే కొలతలో గుండ్రంగా గీసి, కీలును ఆ వృత్తం మధ్యలో పెట్టండి. అక్కడ ఔట్‌లైన్ తెరిచే ఉంచాలి, లేకపోతే చేయి వంగినప్పుడల్లా అడ్డగీత కనబడుతుంది. చాలా రిగ్గులు (కీళ్లతో కలిపిన బొమ్మలు) పాడయ్యేది ఇక్కడే.

ఇక సాఫ్ట్‌వేర్ల సంగతి. స్పైన్‌లో డ్రా ఆర్డర్‌కు (లేయర్ల వరసకు) కీ, అంటే ఫలానా ఫ్రేములో మార్పును నమోదు చేసే గుర్తు, పెట్టొచ్చు. మోహోలో లేయర్ సెట్టింగ్స్‌లో వరస యానిమేషన్‌ను ముందుగా ఆన్ చేయాలి. హార్మనీలోనైతే జెడ్ విలువ (ముందు వెనకల లోతు) కాస్త జరిపితే చాలు.

నడక లూప్ అయితే, తిరుగు ఊపులో పాత వరసకు మరో కీ మరవకండి.