బూర్గూ గడ్డి దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. 'ఉగ్ర కోరల్లో ఆఫ్రికా' అని పేరు పెట్టావు. మొదటి పేజీలోనే 'రక్తసిక్తం' మూడుసార్లు, 'పంజా విసిరింది' రెండుసార్లు, 'ముష్కర మూకలు' నాలుగుసార్లు కనిపించాయి. అవన్నీ మేం పేపరు డెస్కులో కూర్చుని ముప్పై ఏళ్ళు వాడి వాడి అరగదీసిన మాటలు. రాత్రి పదకొండుకి ఎడిషన్ వెళ్ళిపోతుంటే పంజా తప్ప ఇంకేం తోచదు. నీకు ఆ టెన్షన్ లేదు కదా, మా మాటలు నీకెందుకు?

కష్టపడ్డావు, అది తెలుస్తూనే ఉంది. కానీ మొరాకో నుంచి నైజీరియా దాకా తొమ్మిది దేశాల్ని పన్నెండు పేజీల్లో చుట్టేశావు. ఎక్స్‌ప్రెస్ రైల్లోంచి స్టేషన్ల పేర్లు చదివినట్టుంది. అల్జీరియానే చూడు. 1991 డిసెంబరులో మొదటి విడత ఎన్నికల్లో ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్ గెలిచింది. జనవరిలో సైన్యం ఆ ఎన్నికల్నే రద్దు చేసింది. తర్వాత పదేళ్ళ అంతర్యుద్ధం, లక్షకు పైగా చావులు. నీ వ్యాసంలో ఇదంతా ఒక్క వాక్యం. ఆ యుద్ధంలో మిగిలిన ముఠా ఒకటి మెల్లగా సహారాలోకి దిగి, 2007లో అల్ ఖైదా పేరు తగిలించుకుని, మాలి ఉత్తరాన తిష్ఠ వేసింది. అంటే నీ రెండో పేజీలోని అల్జీరియాకూ ఏడో పేజీలోని మాలికీ మధ్య ఒక బాట ఉంది. పాఠకుడికి కావలసింది ఆ బాట. అది దొరక్క నేనే వెనక్కీ ముందుకీ పేజీలు తిప్పాను.

మాలి ఒక్కటీ ఉంచుకో. అందులోనూ మధ్య భాగం, మోప్తి ప్రాంతం. మిగతా దేశాలు అవసరం పడినప్పుడు వాటంతట అవే వస్తాయి.

పేర్లు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకో. 2010 ఫిబ్రవరిలో నైజర్ అధ్యక్షుడు మమదూ టాంజాను సైనికులు దించేసిన రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. హెడ్డింగులో 'నైజీరియా' అని పెట్టాను. ఆఫీసులో ఎవరూ పట్టుకోలేదు. అప్పుడు నైజీరియా అధ్యక్షుడు యార్ అదువా నిజంగానే జబ్బుపడి సౌదీలో ఉన్నాడు, గుడ్‌లక్ జొనాథన్ తాత్కాలికంగా కుర్చీలో కూర్చుని పది రోజులైనా కాలేదు. అందుకే నా తప్పు అచ్చం వార్తలాగే ఉంది. వారం తర్వాత ఒక పెద్దాయన కార్డు రాశాడు: మా అబ్బాయి లాగోస్‌లో పనిచేస్తున్నాడు, మీ హెడ్డింగు చూసి మా ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు అని. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

ఇంకోటి, మన భాషలోనే ఉన్న చిక్కు. 2012 జనవరిలో మాలి ఉత్తరాన టువారెగ్‌లు అనే ఎడారి తెగవాళ్ళు ఆయుధాలు పట్టారు. వాళ్ళని అదుపు చెయ్యలేకపోయాడని మార్చిలో సైన్యంలోని కెప్టెన్ సనోగో మనుషులు రాజధాని బమాకోలో అధ్యక్షుణ్ణి దించేశారు. తెలుగులో రెండూ తిరుగుబాట్లే. నీ ఐదో పేజీలో 'తిరుగుబాటును అణచలేదని తిరుగుబాటు చేశారు' అని ఉంది. చదివి నవ్వుకున్నాను, తర్వాత మేం కూడా అలాగే రాశామని గుర్తొచ్చింది. టువారెగ్‌లది తిరుగుబాటు అను. సైన్యానిది గద్దె లాక్కోవడం అను. ఆ టువారెగ్‌లనీ అన్సార్ దీన్ అనే జిహాదీ ముఠానీ ఒకే గాటన కట్టకు. మొదటివాళ్ళు అజవాద్ అనే వేరే దేశం కావాలన్నారు, రెండోవాళ్ళు షరియా కావాలన్నారు. కొన్ని నెలలకే జిహాదీలు టువారెగ్ వేర్పాటువాదుల్ని గావో పట్టణం నుంచి తన్ని తరిమేశారు. టింబక్టూలో ఆ జిహాదీలు కూలగొట్టినవి ముస్లిం సాధువుల సమాధులే. వాటిని మళ్ళీ మట్టితో కట్టి నిలబెట్టింది ఆ ఊరి తాపీ మేస్త్రీలు, వాళ్ళూ ముస్లింలే. 'ఇస్లాంకూ మిగతా ప్రపంచానికీ యుద్ధం' అని నువ్వు రాసిన పేరా దీని ముందు నిలవదు. కొట్టేశాను.

అసలు సంగతికి వస్తాను. ఏ కల్లోల ప్రాంతం గురించి చదివినా నేను ముందు అడిగేది ఒక్కటే: అక్కడ ఇద్దరికి తగవొస్తే ఎవరు తీరుస్తారు?

మోప్తి దగ్గర నైజర్ నది పాయలు పాయలుగా విడిపోయి, ఎడారి అంచున పెద్ద డెల్టాగా పరుచుకుంటుంది. మన గోదావరి సముద్రం ముందు విడిపోతుంది, ఈ నది దేశం నడిబొడ్డునే విడిపోతుంది. వరద తీసేకొద్దీ నీళ్ళలో పెరిగిన బూర్గూ గడ్డి బయటపడుతుంది. ఎండాకాలంలో పశువుకు అంతకు మించిన మేత ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. వానాకాలం దూరం వెళ్ళిన ఫులానీ కాపరులు మందలు తోలుకుని తిరిగొస్తారు. జాఫరాబే దగ్గర ఆవులు నది ఈదే రోజున ఊరికి పండగ. ఎవరి మంద ముందు దిగాలి, ఎవరు ఎక్కడ మేపుకోవాలి అన్న కట్టుబాట్లు 19వ శతాబ్దంలో సేకూ అమదూ కట్టిన మాసినా రాజ్యం నాటివి. మేత మీద పెత్తనం 'జోరో'లనే పెద్దలది.

1960లో స్వాతంత్ర్యం వచ్చాక భూమి సర్కారుదన్నారు. జోరోలు మాత్రం ఎక్కడికీ పోలేదు. మేత రుసుము డబ్బుల్లోకి మారి ఏటేటా పెరిగింది. 1970లు, 80ల కరువుల్లో మందలు చచ్చాయి. వరి పొలాలు బూర్గూలోకి జరిగాయి. ఆవు వరిలో పడితే తగవు, పొలం మేత బాటకు అడ్డమైతే తగవు. కోర్టుకెళితే ఇద్దరి దగ్గరా తీసుకుని వాయిదాలు వేసే జడ్జి. చెట్టు కొమ్మ నరికితే జరిమానా వేసే ఫారెస్టు గార్డు, దానికి రసీదు అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. దారిలో జెండార్మ్‌ల (సైనిక పోలీసుల) చెక్‌పోస్టు, అక్కడా చెయ్యి తడపాలి. ఆ కాపరికి తెలిసిన ప్రభుత్వం అంతే. బడిపంతులు, డాక్టరు ఎప్పుడో గానీ కనిపించరు.

ప్రసంగాల క్యాసెట్లతో పేరు తెచ్చుకున్న అమదూ కూఫా అనే జిహాదీ మతబోధకుడి మనుషులు 2015లో అక్కడ అడుగుపెట్టారు. ఫారెస్టు గార్డుల్ని తరిమారు. మేత రుసుముకి కళ్ళెం వేశారు. ఖాజీని కూర్చోబెట్టారు. ఏళ్ళ తరబడి తెమలని తగవు రోజుల్లో తెమిలింది. 'అమాయక యువతను మతం మత్తులో ముంచి' అని రాశావు చూడు, అక్కడ ఈ ఫారెస్టు గార్డుని, ఈ జడ్జిని తీసుకొచ్చి నిలబెట్టు.

అలాగని అక్కడే ఆపితే వాళ్ళని పొగిడినట్టవుతుంది. అదే ఖాజీ పెళ్ళిలో పాట వద్దన్నాడు, ఆడవాళ్ళు ముసుగు లేకుండా గడప దాటొద్దన్నాడు. బడులు మూతపడ్డాయి. ఎదురు చెప్పిన ఊరిపెద్దల్ని చంపారు. ఇంకోపక్క ఫులానీ అంటేనే జిహాదీ అని, పక్కనే సేద్యం చేసుకునే డోగోన్ తెగ ఊళ్ళు అనుమానించడం మొదలైంది. సైన్యం రాదు కాబట్టి వేటగాళ్ళు 'దాన్ నా అంబసాగు' పేరుతో దళం కట్టారు. 2019 మార్చి 23న ఒగోసాగు అనే ఫులానీ ఊరిలో 160 మంది దాకా చచ్చిపోయారు. వేళ్ళన్నీ ఆ దళం వైపే చూపించాయి, దళం మాకేం సంబంధం లేదంది. ప్రభుత్వం దళాన్ని రద్దు చేశామని ప్రకటించింది. నెల తిరక్కుండానే ప్రధాని రాజీనామా చేశాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే ఊరి మీద మళ్ళీ దాడి, కాపలాకు పెట్టిన సైనికులు వెళ్ళిపోయిన కొన్ని గంటలకే. ఈ చివరి ముక్క నీ వ్యాసంలో లేదు. నాకైతే మొత్తం కథకి గుండెకాయ అదే.

అంకెలు కావాలంటే ఒకటి చెబుతాను. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2023లో ఒక నివేదిక ఇచ్చింది. మాలితో సహా ఎనిమిది ఆఫ్రికా దేశాల్లో దాదాపు 2,200 మందితో మాట్లాడారు. ఇలాంటి ముఠాల్లో తమంతట తాము చేరినవాళ్ళలో మతమే ముఖ్య కారణమన్నది 17 శాతం, పని కోసమన్నది 25 శాతం. ఫలానా సంఘటన నన్ను అటు తోసింది అన్నవాళ్ళు సగానికి కాస్త తక్కువ, వాళ్ళలో 71 శాతం చెప్పింది తమవాళ్ళకి జరిగిన హక్కుల ఉల్లంఘన. చేసింది చాలాసార్లు భద్రతా బలగాలే. ఈ అంకెల్ని ఆ కాపరి కథ అయ్యాక పెట్టు, ముందు పెడితే ఎవరూ చదవరు.

'అచ్చం మన నక్సలైట్ల కథే' అన్నావు చివర్లో. నేనూ ఒకప్పుడు కరీంనగర్, వరంగల్ పల్లెల్లో తిరిగినవాణ్ణే. పగలు పోలీసులు, రాత్రి అన్నలు అని జనం అనడం విన్నాను. ప్రజాకోర్టు గుర్తుకు రావడం సహజం. ఆ పోలిక పాఠకుణ్ణి గుమ్మం దాకా తెస్తుంది, లోపలికి నువ్వే తీసుకెళ్ళాలి. అక్కడ తగవు దొరకీ కూలీకీ మధ్య కన్నా కాపరికీ రైతుకీ మధ్య ఎక్కువ. కాపరుల్లోనే పాత జోరో ఇంటికీ మంద లేనివాడికీ మధ్య ఇంకో తగవు. పైగా అక్కడి రాజ్యం రాజధాని దాటితే పల్చబడిపోతుంది. ఒక్క వాక్యం ఉంచి రెండు పేరాలు తీసేశాను, కోప్పడకు.

సైన్యం గద్దెనెక్కడం గురించి రాసిన భాగం బాగానే ఉంది, కానీ జనం ఎందుకు చప్పట్లు కొట్టారో లేదు. అక్కడా నా ప్రశ్నే వేసి చూడు. 2020 వసంతంలో మాలిలో పార్లమెంటు ఎన్నికలు. ప్రచారానికి వెళ్ళిన ప్రతిపక్ష నేత సుమైలా సిసేను దారిలోనే ఎత్తుకెళ్ళారు. ఓట్లు లెక్కించాక రాజ్యాంగ న్యాయస్థానం ముప్పై దాకా సీట్ల ఫలితాల్ని తిరగరాసింది, లాభం అధికార పార్టీకి. ఓటు తగవు తీర్చాల్సిన చోటే ఇలా అయితే జనం రోడ్డెక్కరా? ఆగస్టు 18న సైనికులు అధ్యక్షుణ్ణి పట్టుకుపోయినప్పుడు బమాకో వీధుల్లో సంబరాలు జరిగాయి. తర్వాత? ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో అన్నారు, 2024 అన్నారు, 2025 మేలో పార్టీలనే రద్దు చేశారు, జులైలో సైనిక పాలకుడు అసిమి గోయితాకు ఎన్నిక లేకుండా ఐదేళ్ళు రాసిచ్చుకున్నారు, మళ్ళీ పొడిగించుకునే వీలుతో సహా. ఫ్రెంచి సైన్యాన్ని పంపేశారు, ఐరాస శాంతి దళాన్ని పంపేశారు, రష్యావాళ్ళని తెచ్చుకున్నారు. భద్రత కోసమే వచ్చామన్న సైన్యం ఏలుబడిలో, 2025 సెప్టెంబరు నుంచి అల్ ఖైదా అనుబంధ ముఠా జేఎన్ఐఎం పెట్రోలు ట్యాంకర్లని దారికాచి తగలబెట్టింది. సముద్రం లేని దేశం, ఇంధనం సెనెగల్ నుంచో ఐవరీ కోస్ట్ నుంచో రోడ్డు మీదే రావాలి. బమాకోలో బంకుల ముందు క్యూలు కట్టారు, రెండు వారాలు బడులు మూశారు. నీ వ్యాసంలో బాంబులు చాలా ఉన్నాయి, ఈ క్యూ లేదు.

పక్కనే మారిటేనియాలో 2011 తర్వాత పెద్ద దాడి జరగలేదు. జైల్లో ఉన్న జిహాదీల దగ్గరికి 2010లో ఉలేమాల్ని (మతపండితుల్ని) పంపి వాదించారు, ఎడారి ఊళ్ళకి ఒంటెల దళాల్ని పంపారు. ముఠాలతో లోపాయికారీ ఒప్పందం ఏదో ఉందన్న అనుమానమూ ఉంది, వాళ్ళు కాదంటారు. ఒక పేరా చాలు. స్వర్గంలా మాత్రం రాయకు, అక్కడ బానిసత్వాన్ని నేరంగా చేసింది 2007లో.

చావుల లెక్క రాసేటప్పుడు ఎవరి లెక్కో కూడా రాయి. 2022 మార్చి చివర మూరా అనే ఊళ్ళో 203 మంది ఉగ్రవాదుల్ని చంపామని సైన్యం చెప్పింది. ఐరాస విచారణలో తేలింది కనీసం 500 మంది అని, ఎక్కువమంది పౌరులని. నువ్వు 203 మాత్రమే రాశావు, 'ముష్కరులు హతం' అని. అది నీకు ముందు దొరికింది కాబట్టి రాశావు, నాకు తెలుసు. ఇంకా చూసుకో: ఆ దేశాల్లో రేడియోలు, టీవీలు ఒక్కొక్కటే ఆపేస్తున్నారు. మాలిలో ఫ్రెంచి రేడియో ఆర్ఎఫ్ఐని 2022లోనే ఆపేశారు. అందుకని ఏదైనా ఊరి పేరు వార్తల్లో కనిపించకపోతే అక్కడ అంతా బాగుందనుకోకు. నవంబరు 2ని పాత్రికేయులపై నేరాలకు శిక్ష పడని స్థితికి వ్యతిరేక దినంగా ఐరాస పెట్టింది ఎందుకో తెలుసా? 2013లో అదే రోజున మాలి ఉత్తరాన కిదాల్‌లో ఇద్దరు ఫ్రెంచి రేడియో విలేకరుల్ని ఎత్తుకెళ్ళి చంపారు.

మనవాళ్ళ సంగతి. 2015లో లిబియాలో, సిర్త్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగు అధ్యాపకుల్ని ఎత్తుకెళ్ళినప్పుడు సిర్త్ పేరు మన పేపర్లలో నలిగింది. ఏడాదికి పైగా గడిచాక, 2016 సెప్టెంబరులో విడుదలయ్యారు. ఆ మర్నాటి నుంచి సిర్త్ మళ్ళీ మాయం. 2025 జులై 1న మాలి పశ్చిమాన కాయ్ సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ముగ్గురు భారతీయుల్ని తీసుకెళ్ళారు. అప్పుడు మాలి అనే దేశముందని చాలామందికి తెలిసింది. నీ వ్యాసానికి ఇది మంచి ద్వారమే, వాడుకో. ఆ కుటుంబాల పేర్లు, ఊళ్ళు రాయకు, వాళ్ళ ఏడుపు నీ వ్యాసానికి ముడిసరుకు కాదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగకుండా ఆ జిల్లాలోకి వెళ్ళు: బంగారు గనులు, ఫ్రాన్సుకు వలసపోయిన ఇళ్ళ నుంచి వచ్చే డబ్బు, సెనెగల్ నుంచి ట్యాంకర్లు వచ్చే రోడ్డు. పోరు ఉత్తరం నుంచి అక్కడిదాకా ఎందుకు వచ్చిందో ఆ రోడ్డు చూస్తే అర్థమవుతుంది.

పెన్సిల్ గుర్తులతో కాగితాలు కవర్లో పెట్టి పంపుతున్నాను. చాలాచోట్ల నా రాత అర్థం కాకపోవచ్చు, ఫోన్ చెయ్యి, పొద్దున పదకొండు తర్వాత ఖాళీగానే ఉంటాను. ఈసారి పన్నెండు పేజీలు వద్దు, ఐదు చాలు. మొదటి పేజీలో ఆవు కనపడాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు