గొడ్డలి పక్కన పెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ నిన్న మధ్యాహ్నం ఒకసారి, రాత్రి కరెంటు పోయాక ఫోన్ వెలుతురులో ఇంకోసారి చదివాను. అమెరికాలోని కాన్సస్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఆ ఊరి పాత మినిట్స్ పుస్తకం తిరగేసి, 1905 నాటి ఆడవాళ్ల మద్యవ్యతిరేక సంఘం మీద తెలుగులో కథ రాయాలని నీకు తోచడమే నాకు ముచ్చటేసింది. ముచ్చట అయిపోయింది, ఇక చీవాట్లు.

మొదటి పేజీలోనే, సారా షాపులు పగలగొట్టి పేరుకెక్కిన క్యారీ నేషన్ గొడ్డలితో దూకింది. ఎందుకమ్మా? మెడిసిన్ లాడ్జ్ అనే ఊళ్లో ఆమె కూడా ఇలాంటి సంఘమే నడిపింది, నిజమే. తాగి తాగి పోయిన మొదటి భర్త కథా నిజమే. కానీ 1900 జూన్‌లో కయోవా ఊరి సారా షాపుల మీద పడ్డప్పుడు ఆమె చేతిలో ఉన్నవి రాళ్లు. గొడ్డలి తర్వాత వచ్చింది. అది దిద్దుకోవడం ఎంతసేపు? అసలు చిక్కు ఏమిటంటే, ఆమె వచ్చిందంటే నీ పదకొండు మంది ఆడవాళ్లూ గోడకు జరిగి నిలబడాల్సిందే. మంగళవారం మీటింగుకి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని రాసుకున్న మనుషులు వాళ్లు. వాళ్ల కథ రాస్తానని కదా బయల్దేరావు?

ఇంకో తప్పు దీనికంటే పెద్దది. నీ కథలో వాళ్లు మేయరు దగ్గరికెళ్లి సారా అమ్మకం ఆపే చట్టం తెమ్మని బతిమాలతారు. కాన్సస్‌లో ఆ చట్టం 1881 నుంచే ఉంది! అంటే నీ కథనాటికి సెలూన్, అంటే అక్కడి సారా షాపు, నేరమై ఇరవై నాలుగేళ్లు. పైగా 1887 నుంచి అక్కడి ఆడవాళ్లకు మున్సిపల్ ఎన్నికల్లో ఓటుంది. చట్టముంది, ఓటుంది, ఎదురుగా షాపూ తెరిచే ఉంది. కొన్ని ఊళ్లలో నెలనెలా జరిమానా కట్టించుకుని వదిలేసేవాళ్లు. పేరుకు జరిమానా, పనికి లైసెన్సు. ఆ సెలూన్లే చట్టవిరుద్ధం కాబట్టి వాటిని పగలగొడితే తప్పేమిటని క్యారీ నేషన్ వాదించింది కూడా ఇందుకే. బతిమాలే ఆడవాళ్లను మనం చాలా కథల్లో చూశాం. అన్నీ చేతిలో ఉండి ఏమీ జరగక, ఊరి పోలీసు మార్షల్ ఎవరి మరిదో తెలిసి నోరు మూసుకున్న ఆడదాన్ని రాసి చూడు.

మందుల షాపును ఎలా వదిలేశావు? నిషేధం ఉన్నా వైద్యానికని చెప్పి మందుల షాపులో విస్కీ కొనుక్కోవచ్చు. కొనేవాడు తన రోగమేమిటో చెప్పి సంతకం పెట్టాలి. ఊళ్లో అజీర్ణం ఎంతమందికో ఆ కాగితాలు చూస్తే తెలుస్తుంది. అదే షాపులో ఆడవాళ్ల బలహీనతకని లిడియా పింక్‌హామ్ టానిక్ అమ్మేవాళ్లు. అందులో ఆల్కహాలు సుమారు 18 శాతం. 1906 ఆహార, మందుల చట్టం వచ్చాకే ఆ సంగతి సీసా మీద అచ్చు వేయాల్సి వచ్చింది. రొమ్ము మీద సంఘం గుర్తుగా తెల్ల రిబ్బను గుచ్చుకుని, చుక్క ముట్టనని ప్రమాణం చేసి, రోజూ రెండు చెంచాల టానిక్ తాగే కార్యదర్శి ఏడాదో రెండేళ్లో గడిచాక ఒక ఉదయం ఆ లేబులు చదువుతుంది. నీకు కథ అక్కడుంది.

అన్నట్టు, టెంపరెన్స్‌ని ‘మితపానం’ అని రాశావు. నిఘంటువు అలాగే అంటుంది. వాళ్లకు మాత్రం మితం అంటే సున్నా. ‘తాగుడు మాన్పించే సంఘం’ అని రాస్తే మా వీధిలో అందరికీ అర్థమవుతుంది. 1873లో ఒహాయోలోని హిల్స్‌బరోలో ఆడవాళ్లు సెలూన్ల ముందు మోకాళ్ల మీద ప్రార్థన చేయడం, మరుసటి ఏడు జాతీయ సంఘం పుట్టడం, ఫ్రాన్సెస్ విల్లార్డ్ దాన్ని పెద్దది చేయడం, ఇవన్నీ రెండున్నర పేజీలు రాశావు. రెండు వాక్యాలు ఉంచు చాలు. మధ్యాహ్నం పన్నెండుకు చేతిలో పని ఆపి ప్రార్థన చేసుకునేవాళ్లు చూశావా, అది పెంచు. పొయ్యి మీద కూర ఉండగా పన్నెండు కొడితే ఏం చేసేవాళ్లు?

వాళ్లను దేవతల్ని చేయకు. బీరు తాగే జర్మన్ వలసదారుల మీద ఆ ఉద్యమంలో చాలామందికి చిన్నచూపు. నల్లవాళ్ల లించింగుల, అంటే మూకలు పట్టుకుని చంపేయడాల, విషయంలో విల్లార్డ్ మాటల్ని నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ బహిరంగంగా నిలదీసింది. మీ ఊరి మినిట్స్‌లో జర్మన్ ఇంటిపేరు ఒక్కటైనా ఉందా? లేకపోతే ఆ లేకపోవడాన్నే రాయి.

ఇదంతా నాకెలా తెలుసంటావా? నేనూ ఇదే తప్పు చేశాను. 1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా పోరాటం మీద ఆ వేడిలోనే కథ రాశాను. చీపుళ్లు, కారప్పొడి, పరుగెత్తే కాంట్రాక్టరు, అన్నీ పెట్టాను. పక్క ఊళ్లో చదివి వినిపిస్తే, ఒక ఆమె చివరిదాకా విని, “బాగుందమ్మా. ఇంతకీ ఆ వారమంతా మేం వంటెప్పుడు చేసుకున్నాం?” అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. రాత్రంతా షాపు దగ్గర కాపలా కాసి, పొద్దున్నే కూలికెళ్లి, మొగుడి తిట్లు తిని, మళ్లీ సాయంత్రానికి వచ్చి కూర్చోవడం నా కథలో లేనే లేదు.

చివరి పేరాలో అమెరికా దేశమంతటా మద్యం ఆపే రాజ్యాంగ సవరణ ఆమోదం పొందింది 1919 జనవరి 16న, మన రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది 1995 జనవరి 16న అని కలిపావు. తేదీలు సరే. ఆ కలయిక చూసి నువ్వు గంతేశావు కదూ, నేనూ వేశాను. అయినా తీసేయ్. అది తేదీల పని, నీ కార్యదర్శికి దాంతో సంబంధం లేదు. అక్కడ దేశవ్యాప్తంగా 1933లో, ఇక్కడ 1997లో నిషేధం ఎత్తేసిన సంగతీ ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసింది ఆనాటి తన ఊరు మాత్రమే.

వచ్చే నెలలో మళ్లీ పంపు. ఈసారి మినిట్స్ పుస్తకంలో సిరా మారిన చోట్లు, కొట్టేసిన పేర్లు ఫోటో తీసి వాటినీ పంపు. మార్చిలో ఒక పేరు కొట్టేసి ఉందని ఫోన్లో అన్నావు. ఆమె ఎవరు?

నీ మేలు కోరే
పెద్దమ్మ