పోపు పోయినా బిషప్పులు పోలేదు

ప్రశ్న: ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్లు పోపునే కాదని విడిపోయారు కదా. మరి తోటి ప్రొటెస్టెంట్లు కరపత్రాలు వేస్తే వెంటపడి పట్టుకున్నారని చదివాను. ఎందుకంత భయం?

జవాబు: పోపు పోయాడు గానీ ఆయన కింద ఉండే బిషప్పుల వ్యవస్థ అలాగే మిగిలిందండీ, పైన మొదటి ఎలిజబెత్ రాణి కూర్చుంది. చర్చిని పాస్టర్లూ సంఘ పెద్దలూ నడపాలి, బిషప్పులు అక్కర్లేదు అనే ప్యూరిటన్లకు అక్కడే మండింది. ఆ మాట అచ్చు వేద్దామంటే, 1586 నాటి ఉత్తర్వు ప్రకారం అనుమతి ఇవ్వాల్సింది కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు లేదా లండన్ బిషప్పు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల దగ్గరే సంతకం తెచ్చుకోవాలన్నమాట!

అందుకే దొంగ ప్రెస్సు. 1588 అక్టోబరులో 'మార్టిన్ మార్‌ప్రిలేట్' అనే మారుపేరుతో మొదటి కరపత్రం వచ్చింది. ప్రిలేట్ అంటే బిషప్పు స్థాయి మతాధికారి, వాళ్ల పని పట్టేవాణ్ణని పేరులోనే చెప్పాడు. బిషప్పుల తరఫున జాన్ బ్రిడ్జెస్ 1400 పేజీలు దాటిన లావు పుస్తకం రాస్తే, మార్టిన్ దాన్ని ఎగతాళి చేసి వదిలాడు. నన్నడిగితే అసలు భయం ఈ నవ్వుకే, ఎందుకంటే సిద్ధాంతం మీద వాదిస్తే పండితులు నలుగురు చదువుతారు, బిషప్పును ఆటపట్టిస్తే సంతంతా చదువుతుంది. థామస్ కూపర్ అనే బిషప్పు జవాబు రాశాడు. కూపర్ అంటే పీపాలు చేసేవాడు కూడా, దాంతో లండన్ వీధుల్లో పీపాలవాళ్లు పని కోసం వేసే కేకనే మార్టిన్ తర్వాతి కరపత్రానికి పేరుగా పెట్టేశాడు.

ప్రెస్సు ఇల్లు మారుతూ తిరిగింది. 1589లో వారింగ్టన్‌లో బండి దించుతుంటే అచ్చుకు వాడే సీసం అక్షరాలు కింద రాలాయి. ఇవేంటని జనం అడిగితే ప్రింటర్ హాడ్జ్‌కిన్స్ తడుముకోకుండా తుపాకీ గుళ్లు అన్నాడట. ఆగస్టులో మాంచెస్టర్ దగ్గర ఆ ప్రెస్సువాళ్లు దొరికిపోయారు. అయినా సెప్టెంబరులో ఏడోది, ఆఖరిది వచ్చింది, మొదటి పేజీలు చూస్తే అక్షరాలు పేర్చడం చేతకానివాళ్లు కూర్చారని తెలిసిపోతుంది.

అచ్చు పనులు నడిపించిన జాన్ పెన్రీని వేరే రాతల నేరం మీద 1593లో ఉరితీశారు. మార్టిన్ ఎవరో అప్పట్లో తేలలేదు. ఇప్పటి చరిత్రకారులు ఎక్కువమంది అనుమానించేది జాబ్ త్రాక్‌మార్టన్ అనే పార్లమెంటు సభ్యుణ్ణి. ఆయన మీద కూడా కేసు పెట్టారు, అభియోగ పత్రంలో లోపం ఉండటంతో బయటపడ్డాడు.