జూడో కళా, శాస్త్రమా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఏడాదిగా జూడోకి వెళ్తున్నాడు. కోచ్‌గారు ఇదంతా ఫిజిక్సే అంటారు. మా మామగారు వయసులో ఉండగా కర్రసాము చేసినాయన. లెక్కలు వేస్తూ కూర్చుంటే దెబ్బ తినేస్తావు, ఇది కళరా అంటారు. ఇంట్లో రోజూ ఇదే వాదన. ఇంతకీ ఏది నిజం?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, నన్నడిగితే ముందు శాస్త్రమే అంటాను, మీ మామగారికి కోపం వచ్చినా సరే. జూడోకి ఆద్యుడైన జిగోరో కానో 1882లో టోక్యోలోని ఎయిషోజి గుళ్లో, 12 చాపలు పరిచిన జాగాలో జూడో నేర్పడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన నేర్చుకున్న జుజుత్సు అనే పాత జపాన్ యుద్ధవిద్యలో ప్రమాదకరమైన దెబ్బలు చాలా ఉండేవి, కానీ వాటిని తోటి విద్యార్థి మీద పూర్తి బలంతో వేసి చూడలేం కదా, వేస్తే రేపు క్లాసుకి ఎవరూ రారు. కానో అలాంటివాటిని కతాకి, అంటే ముందే అనుకున్న వరసలో చేసే సాధనకి పరిమితం చేసి, మిగిలిన వాటితో రండోరికి పెద్దపీట వేశాడు. రండోరిలో అవతలివాడు పడనని మొండికేస్తాడు, తిరిగి నిన్నే పడేయాలని చూస్తాడు. ప్రమాదకరమైనవి తీసేస్తే విద్య మెత్తబడుతుందని అనిపిస్తుంది గానీ జరిగింది అందుకు పూర్తిగా వ్యతిరేకం, ఏ పట్టు పనిచేస్తుందో ఏది చేయదో రోజూ తేలిపోయేది. పరీక్షకి నిలబడనిదాన్ని వదిలేయడం శాస్త్రం కాకపోతే మరేమిటి?

అయితే మీ మామగారి మాట కొట్టిపారేసేది కాదు. దే-ఆషి-బరాయి అని ఒక పట్టుంది, ముందుకు వేస్తున్న కాలిని పాదంతో ఊడ్చేయడం. అవతలివాడి బరువు ఆ కాలి మీదికి వచ్చీ రాని క్షణంలో ఊడ్చాలి. తొందరపడితే ఖాళీ కాలే కాబట్టి తీసి పక్కన పెట్టేస్తాడు, ఆలస్యమైతే స్తంభాన్ని తన్నినట్టే. ఎందుకు పడతాడో కోచ్‌గారు బోర్డు మీద గీసి చూపించగలరు, కానీ ఆ క్షణం వచ్చిందని కాలికి తెలియడం మాత్రం ఎవరూ గీసి చూపించలేరు. వందల మందితో పట్టుపట్టి, వాళ్ల చొక్కా లాగుడులోంచి పసిగట్టాల్సిందే. అది కళే, నేను కాదనను. కాకపోతే రండోరి లేకుండా అది ఎవరికీ అబ్బదు.

అందుకే వాదన కాస్త పక్కన పెట్టి, వారానికి రండోరి ఎంతసేపు చేయిస్తున్నారో కోచ్‌గారిని అడగండి. దానికంటే ముందు వాడికి పడటం బాగా వచ్చిందో లేదో మీరే చూడండి. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీ వైపు దించి తల చాపకి తగలకుండా కాపాడుకోవాలి, చేతులతో చాపని గట్టిగా చరచాలి. అది అలవాటు కాకపోతే రండోరిలోకి అప్పుడే దించొద్దని చెప్పండి.